నైట్రిక్ ఆక్సైడ్: పేగుకు ఎంత మేలు, ఎప్పుడు మేలు

హైదరాబాద్ ఐటీ కారిడార్‌లోని మాదాపూర్, కొండాపూర్ జిమ్‌లలో ‘పంప్’ కోసం కలుపుకుని తాగే ప్రీ వర్కౌట్ పౌడర్లకు నైట్రిక్ ఆక్సైడ్ పేరే పెద్ద ఆకర్షణ. రక్తనాళాలు విప్పారతాయి కనుక కండకే కాదు, గుండెకూ పేగుకూ కూడా మంచిదేనన్న నమ్మకం దానికి తోడవుతుంది. ఆ నమ్మకం సగమే నిజం. రక్తనాళాల లోపలి పొర ఈ వాయువును అనుక్షణం కొద్దికొద్దిగా తయారుచేస్తూనే ఉంటుంది. పుట్టిన కొన్ని క్షణాల్లోనే అది మాయమవుతుంది. దీని పాత్రను వెలికితీసినందుకు శాస్త్రవేత్తలు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. (పంటి డాక్టర్లు మత్తుకు వాడే నైట్రస్ ఆక్సైడ్ వేరు.) పేగును నైట్రిక్ ఆక్సైడ్ కాపాడే తీరు చూస్తే, డబ్బాలో కొని తెచ్చుకునే సరుకు కాదని తెలుస్తుంది.

విశ్రాంతిలో గుండె పంపే రక్తంలో సుమారు ఐదో వంతు జీర్ణావయవాలకే పోతుంది. గడ్డ అడ్డుపడో, షాక్ వల్లో ఆ రక్తం ఆగితే పేగు లోపలి చూషకాల కొనలు ముందుగా చస్తాయి. రక్తం మళ్లీ పారిందంటే గండం గడిచినట్టేనని చాలామంది అనుకుంటారు. పరిశోధకులు పార్క్స్, గ్రేంజర్ 1986లో పిల్లుల పేగుపై చేసిన ప్రయోగం దీన్ని తలకిందులు చేసింది: నాలుగు గంటలు ఏకధాటిగా రక్తం ఆపినప్పటికంటే, మూడు గంటలు ఆపి ఒక గంట తిరిగి వదిలినప్పుడే ఎక్కువ నష్టం జరిగింది. తిరిగొచ్చిన ఆక్సిజన్ నుంచి సూపరాక్సైడ్ పుడుతుంది, తెల్లరక్తకణాలు సన్నని సిరల గోడలకు అతుక్కుని దాడికి దిగుతాయి. నైట్రిక్ ఆక్సైడ్ తయారీని అడ్డుకుంటే ఆ అతుక్కోవడం బాగా పెరుగుతుందని క్యూబ్స్, సుజుకీ, గ్రేంజర్ 1991లో చూపారు. అంటే నాళాన్ని విప్పడంతో పాటు, ఆ గోడను జారుడుగా ఉంచే పని కూడా దీనిదే.

అలాగైతే నైట్రిక్ ఆక్సైడ్‌కు ముడిసరుకైన ఆర్జినిన్‌ను ఎక్కువ మింగితే సరిపోదా? దాన్ని తయారుచేసే ఎంజైమ్‌కు కావలసిన దానికంటే ఎన్నో రెట్లు ఆర్జినిన్ రక్తంలో ముందే ఉంటుంది. లోటు సాధారణంగా ముడిసరుకులో కాదు, దెబ్బతిన్న లోపలి పొరలో. గుండెపోటు వచ్చిన 153 మందిపై 2006లో ప్రచురితమైన పరీక్షలో ఆర్జినిన్ తీసుకున్న వర్గంలో ఆరుగురు చనిపోయారు, మరో వర్గంలో ఒక్కరూ లేరు; పరీక్షను మధ్యలోనే ఆపేశారు. బీట్‌రూట్ సంగతి కాస్త నయం. అందులోని నైట్రేట్‌ను నాలుక మీది బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారిస్తే దాన్నుంచి నైట్రిక్ ఆక్సైడ్ వస్తుంది, రక్తపోటు కొంత తగ్గుతుంది. అయినా పేగుకు రక్తం ఆగిపోయే ప్రమాదాన్ని అది తప్పిస్తుందని మనుషుల్లో రుజువు కాలేదు.

ఎదురు వాదం కూడా ఉంది: తాపం (ఇన్‌ఫ్లమేషన్) చెలరేగినప్పుడు వేరే ఎంజైమ్ నైట్రిక్ ఆక్సైడ్‌ను కుప్పలుగా తయారుచేస్తుంది, సూపరాక్సైడ్‌తో కలిసి అది పెరాక్సీనైట్రైట్ అనే విషమవుతుంది కదా, మొత్తంగా ఆపేస్తే పోదా? సెప్టిక్ షాక్ రోగుల్లో ఆ ప్రయత్నమూ చేశారు. 2004లో వెలువడిన ఫలితాల్లో మందు తీసుకున్నవారిలో 59 శాతం, తీసుకోనివారిలో 49 శాతం చనిపోయారు. మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నే ఇక్కడ పొసగదు. ఏ కణంలో, ఎంత, ఎప్పుడు అన్నదే లెక్క.

ఐటీ కారిడార్‌కు దీన్ని అన్వయిస్తే చూపు పౌడర్ మీద నుంచి పొట్ట చుట్టుకొలత మీదికి మళ్లాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు పరీక్షించిన 345 మంది ఐటీ ఉద్యోగుల్లో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుంది. ఊబకాయం, మధుమేహం, సిగరెట్ రక్తనాళాల లోపలి పొరను, దాంతో నైట్రిక్ ఆక్సైడ్ తయారీని దెబ్బతీస్తాయి. ఇక పేగుకు రక్తం ఆగినప్పుడు వచ్చే నొప్పిని ‘గ్యాస్ నొప్పే’ అనుకునే అపోహ అన్నింటికంటే ప్రమాదకరం. పొట్ట నొక్కితే మెత్తగానే ఉన్నా నొప్పి హఠాత్తుగా, భరించలేనంతగా మొదలైతే, అందులోనూ గుండె లయ తప్పే జబ్బు ఉన్నవారైతే, యాంటాసిడ్ వేసుకుని కూర్చోకూడదు. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లి, సీటీ యాంజియోగ్రామ్ అవసరమేమో అడగాలి.