స్వాభిమాన యాత్రలు: వాని చరిత్ర, స్మారక వస్తువులు

ఒక జనసముదాయమును గూర్చిన ప్రస్తావన ప్రభుత్వపత్రములలో నేరారోపణగానే తఱచు కానవచ్చునపుడు, వారి చరిత్రను దేనినిబట్టి వ్రాయవలెను? స్వలింగప్రేమికుల స్వాభిమాన యాత్రలను పరిశీలించువారికి ఈ ప్రశ్న తప్పదు. శాసనములను, తాళపత్రములను చదువ నలవడిన మనకు అది క్రొత్తదికాదు. ఆ యాత్రలందు పట్టిన ప్లకార్డులు, ధరించిన బిళ్లలు, ఎగురవేసిన పతాకములు శాసనములవలెనే ప్రమాణములని మా యభిప్రాయము.

1969 జూన్ 28వ తేదీన, తెల్లవారకమునుపే, న్యూయార్కు నగరమందలి క్రిస్టఫర్ వీధిలోని స్టోన్‌వాల్ ఇన్ అను మద్యశాలపై పోలీసులు దాడిచేసిరి. అచ్చటి జనులు లొంగక యెదిరించిరి. ఉద్యమమంతయు ఈ ఘటనతోనే మొదలైనదని చెప్పుట వాడుక. వస్తుసాక్ష్యము ఈ మాటను సవరించుచున్నది. ఫ్రాంక్ కామెనీ అను ఖగోళశాస్త్రజ్ఞుడు స్వలింగప్రేమికుడను కారణమున 1957లో ప్రభుత్వోద్యోగమునుండి తొలగింపబడెను. అతడును సహచరులును 1965లో శ్వేతభవనము నెదుట పట్టిన ప్లకార్డులు చాలకాల మతని యింటి అటకపై నుండి, 2006లో స్మిత్సోనియన్ సంస్థవారి జాతీయ చరిత్ర ప్రదర్శనశాలకు చేరినవి. వెలివేసిన ప్రభుత్వముయొక్క రాజధానిలోనే అవి నేడు చరిత్రప్రమాణములు.

1965 మొదలు 1969 వఱకు ఏటేట జూలై 4వ తేదీన ఫిలడెల్ఫియాలోను ఇట్టి ప్రదర్శన జరిగెను. అందు పురుషులు కోటు, టై ధరింపవలెననియు, స్త్రీలు గౌను తొడుగవలెననియు నియమముండెను. 1969 నవంబరులో జరిగిన సంఘముల సమావేశము, ఆ ప్రదర్శనకు బదులుగా న్యూయార్కులో ఊరేగింపు జరుపవలెననియు, వేషమునకు గాని వయస్సునకు గాని నియమముండరాదనియు తీర్మానించెను. తదనుసారముగ 1970 జూన్ 28న గ్రీన్విచ్ విలేజ్ నుండి సెంట్రల్ పార్కు వఱకు తొలి యాత్ర సాగెను. వేడికోలు పోయి వేడుక వచ్చుట ఈ నియమభేదమునందే తెలియుచున్నది.

ఇంద్రధనుస్సు పతాకము పాఠభేదములుగల గ్రంథమువంటిది. గిల్బర్ట్ బేకరు తన మిత్రులతోగూడి చేతితో రంగులద్దిన పతాకము 1978 జూన్ 25న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎగిరినది. అందు రంగులెనిమిది. ముదురు గులాబి వస్త్రము దొరకమిచే ఏడయ్యెను. వీధికి ఇరుప్రక్కల సరిగా పంచుటకై 1979లో ఆఱయ్యెను. అయినను రంగుల సంఖ్యనుబట్టియే కాలనిర్ణయము చేయరాదు. ఎనిమిది రంగుల ప్రతులు తరువాతను తయారైనవి గనుక, వస్త్రమును, కుట్టును, అద్దకమును గూడ పరిశీలింపవలెను. మూలపతాకముయొక్క ఒక ఖండము 2021లో ఆ నగరముననే ప్రదర్శింపబడినది.

పేరుకును చరిత్ర కలదు. తొలియాత్రకు క్రిస్టఫర్ వీధి విమోచన దినమని పేరు. జర్మనీలో నేటికిని ఆ వీధిపేరే యాత్రకు నామము. 'ప్రైడ్' అనుదానికి తెలుగున 'గర్వము' అన్న దోషార్థము స్ఫురించును. 'స్వాభిమానము' అన్నదే యుచితము.

మన దేశమున 1999 జూలై 2న కలకత్తాలో పదునేనుగురు నడిచిరి. హైదరాబాదులో 2013లో యాత్ర జరిగెను. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఈ ప్రేమను నేరము కాదనెను. ఆ పదునేనుగురు నడచిననాడు అది నేరమే. తమ స్మృతులను ఇతరులు కాపాడుదురన్న నమ్మకము లేకయే న్యూయార్కు స్త్రీలు 1974లో లెస్బియన్ హెర్‌స్టరీ ఆర్కైవ్స్‌ను నెలకొల్పి, బిళ్లలను, చొక్కాలను సైతము భద్రపఱచిరి. తెలుగుదేశమందలి యాత్రల కరపత్రములును, చేతివ్రాత ప్లకార్డులును ఇట్లే తేదీతో, స్థలముతో సేకరింపదగినవి. కాగితము చెదలపాలైన పిమ్మట ఏ పరిశోధకుడును దానిని చదువజాలడు.