మన కొబ్బరి పొట్టు – పరదేశపు పండ్లకు నేల

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం పోయే బస్సులో కూర్చుంటే ఎడమచేతి వైపు మెట్ట, కుడిచేతి వైపు డెల్టా, ఇంకా కిందికి దిగితే కొల్లేరు. భీమడోలు, ఉంగుటూరు దాటేలోగా దారి పక్క తోటల మూలల్లో కొబ్బరి డొక్కల గుట్టలు కనబడతాయి. దింపు అయ్యి, కాయ వలిచి లారీకెక్కించాక మిగిలేది ఆ డొక్కే. ఒకప్పుడు అది పొయ్యిలోకి పోయేది, లేదంటే గట్టు మీదే కుళ్లేది. ఇక డొక్కని మరలో వేసి పీచు లాగినప్పుడు రాలే గోధుమరంగు పొట్టుకైతే విలువన్నదే లేదు. డొక్క బరువులో పీచు మూడోవంతుకు మించదు, తక్కినదంతా పొట్టే. పీచు తీసేవాడికి అది పెద్ద తలనొప్పి. కుప్ప పోస్తే ఏళ్ల తరబడి కుళ్లదు, నిప్పంటుకుంటే రోజుల తరబడి రాజుకుంటూనే ఉంటుంది.

ఆ పొట్టే ఇవాళ ఇటుకల్లా నొక్కబడి, ఓడలెక్కి సముద్రాలు దాటిపోతోంది. దానికి బజారు పేరు కోకోపీట్. 2020-21లో మన దేశం నుంచి వెళ్లిన కొబ్బరి నార, నార సరుకుల విలువ 3,778 కోట్ల రూపాయలు. అందులో తాళ్లూ చాపలూ కావు, ఈ పొట్టుదే పెద్ద వాటా. ఇంత పొట్టు అక్కడివాళ్లు ఏం చేసుకుంటున్నారు? పండ్ల మొక్కలకు మట్టికి బదులు వాడుతున్నారు.

రాస్ప్‌బెర్రీ అని ఒక పండుంది. మన కూలి జనం తినింది కాదు, చాలామంది చూసింది కూడా కాదు. ముళ్లకంపలాంటి పొద, ఎర్రటి మెత్తని పండు, కోస్తే తొడిమ దగ్గర బోలుగా ఊడి వస్తుంది. రెండు మూడు రోజులు దాటితే బూజు పడుతుంది. ఇంగ్లండు, హాలండు, పోర్చుగల్, స్పెయిన్ దేశాల్లో దీన్ని ప్లాస్టిక్ గుడారాల కింద పెంచుతారు. ఈ పొద వేరుకు గాలి ఆడాలి. బంకమట్టిలో నీరు నిలిస్తే వేరుకుళ్లు పట్టుకుంటుంది. ఆ తెగులు నేలలో చేరిందా, ఏళ్ల తరబడి వదలదు. పాత నేలలన్నీ అట్లా పాడవుతుంటే అక్కడి పెద్ద రైతులు నేలనే వదిలేశారు. ఏడెనిమిది లీటర్ల కుండీల్లో కొబ్బరి పొట్టు నింపి, నారుమడుల్లో పెంచిన కొమ్మలు అందులో నాటి, సన్నగొట్టాలతో నీళ్లూ ఎరువూ కలిపి చుక్కలు చుక్కలుగా వదులుతున్నారు. అంతకుముందు వాళ్లు వాడింది పీట్ అనే బురదనేలల మట్టి. వేల ఏళ్లు పేరుకున్న దాన్ని తవ్వేస్తే భూమి వేడెక్కుతుందని అక్కడి జనమే అభ్యంతరం చెబుతున్నారు. అందువల్ల కూడా మన పొట్టుకు గిరాకీ పెరిగింది.

పొట్టులో ఉన్న గొప్ప ఏమిటంటే, తన బరువుకు ఎన్నో రెట్లు నీళ్లు పీల్చుకుంటుంది, అయినా మధ్యలో గాలికి చోటు వదులుతుంది. మన కొల్లేరు ఒండ్రుకి రెండోది చేతకాదు. మెట్టలోని ఎర్ర గరపనేలకి మొదటిది చేతకాదు. అయిదు కిలోల ఇటుకని నీళ్లలో వేస్తే ఉబ్బి అరవై, డెబ్బయి లీటర్ల పొట్టవుతుంది.

అయితే మనం కూడా రాస్ప్‌బెర్రీ వేద్దామా అంటారేమో! వద్దు. ఆ పొదల్లో చాలా రకాలకు ఏడు డిగ్రీల లోపు చలి కొన్ని వందల గంటలు తగిలితేగాని పూత రాదు. మన ఏలూరులో డిసెంబరు రాత్రి కూడా అంత చలి పెట్టదు, మే నెలలో నలభై దాటుతుంది. మొక్కలమ్ముకునేవాడు రంగుల కాగితాలు చూపించి ఎకరానికి లక్షలని చెబితే, కౌలు చేసుకునే మనిషి అప్పు చేసి వేసుకుంటే, పోయేది ఆ కౌలుదారే. పండు మనది కాదు. పొట్టు మాత్రం మనది. మన చెమటా అందులోనే ఉంది.

ఆ చెమట సంగతి చూద్దాం. డొక్కలు మరలో వేసేచోట లేచే దుమ్ము కళ్లలో, ముక్కులో దిగుతుంది. పొద్దస్తమానం పీల్చిన మనిషికి దగ్గు రాకేం చేస్తుంది? మూతికి చీరకొంగు తప్ప అడ్డం లేకుండా పనిచేయించే చోట్లున్నాయి. పొట్టుని కళ్లంలో ఆరబోసి, తిరగేసి, జల్లించేది ఎక్కువగా ఆడకూలీలే. వాన పడితే పని ఉండదు, ఆ రోజు కూలీ ఉండదు. అటు స్పెయిన్‌లో హుయెల్వా అనే జిల్లా ఉంది, ఇలాంటి పండ్ల తోటలకు పేరు. అక్కడికి ఏటా మొరాకో దేశం నుంచి పేద ఆడవాళ్లు కొన్ని నెలల ఒప్పందం మీద పండ్లు కోయడానికి వెళతారు, పని అయిపోగానే తిరిగి పంపేస్తారు. పొట్టుకి ఈ కొసా, పండుకి ఆ కొసా వంగిన నడుములు ఆడవాళ్లవే. మధ్యలో ఉన్నవాడు ఎవడికీ వంగడు!

ఇంకొక సంగతి, నీళ్లది. పొట్టులో ఉప్పు ఉంటుంది. తీరప్రాంతపు కాయ అయితే, ఉప్పునీళ్లలో నానబెట్టిన డొక్క అయితే మరీ ఎక్కువ. సోడియం, పొటాషియం రెండూ పొట్టును అంటిపెట్టుకుని ఉంటాయి. అలాగే నాటితే లేత మొక్క ఆకు అంచులు మాడిపోతాయి. అందుకని ఎగుమతి సరుకుని మంచినీళ్లతో మళ్లీ మళ్లీ కడుగుతారు. మేలిరకం కావాలంటే కాల్షియం నైట్రేటు కలిపిన నీళ్లలో నానబెడతారు, కాల్షియం వెళ్లి కూర్చుంటే ఉప్పు లేచి బయటికి పోతుంది. బయటికి అంటే ఎక్కడికి? ఈ ప్రాంతంలో మురుగు చాలామటుకు చివరికి చేరేది కొల్లేరుకే, అక్కడి నుంచి సముద్రానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. 1999లో 308 చదరపు కిలోమీటర్ల కొల్లేరుని పక్షుల కోసం అభయారణ్యం చేశారు. 2002లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కించారు. 2006లో చెరువు గట్లు పేల్చారు, అందులో పెద్దలతోపాటు చిన్నవాళ్ల బతుకులూ చెదిరాయి. ఇంత జరిగాక కూడా లంక గ్రామాల ఆడవాళ్లు తాగే నీటికి బిందెలు పట్టుకుని ఎదురుచూడాల్సిందే. ఉప్పుటేరు మీద రెగ్యులేటర్లు కట్టాలన్న డిమాండు ఎంత పాతదో అందరికీ ఎరుకే. కాబట్టి మెట్టలో ఎవరైనా పొట్టు కడిగే కార్ఖానా పెడతామంటే ఊరు రెండు ప్రశ్నలు అడగాలి. కడగడానికి నీళ్లు ఏ బోరువి? కడిగిన నీళ్లు ఏ బోదెలోకి?

ఇంతకీ మన చేతికందే పని లేదా అంటే, ఉంది. మిరప, టమాటా, వంగ నారు ఇప్పుడు మడుల్లో కంటె ట్రేలలో ఎక్కువ పెంచుతున్నారు. ట్రేకి 98 గుంటలు, గుంటకొక విత్తనం, కింద పొట్టు. ఒక ట్రేకి కిలో, కిలోంబావు పొట్టు పడుతుంది. విత్తనం ఖరీదు మండిపోతున్న రోజుల్లో ఒక్కటీ వృథా కాకూడదని రైతులు ఈ నారే కొంటున్నారు. నీడవల వేసుకోవడానికి నాలుగైదు సెంట్లు చాలు. భూమి లేని ఆడవాళ్లు పదిమంది కలిసి పంచాయతీ జాగా ఏదైనా సాధించుకుంటే చేయగలిగిన పని ఇది. కడియం నర్సరీల్లో కూలికి వెళ్లొచ్చిన చేతులకి పని నేర్పనక్కర్లేదు.

జాగ్రత్తలు మాత్రం ఉన్నాయి. పొట్టు ఎరువు కాదు. అందులో బలం లేదు, పైగా పచ్చి పొట్టు మట్టిలో కలిపితే మొక్కకి అందాల్సిన నత్రజనిని అదే లాగేసుకుంటుంది, ఆకు పసుపు తిరుగుతుంది. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం చెప్పిన పద్ధతి సులువుగానే ఉంది. టన్ను పొట్టుకి అయిదు కిలోల యూరియా, అయిదు సీసాల పుట్టగొడుగు విత్తనం. వంద కిలోల పొట్టు పరిచి దాని మీద ఒక సీసా విత్తనం చల్లాలి, మళ్లీ వంద కిలోలు పరిచి కిలో యూరియా, ఇలా మార్చి మార్చి నడుమెత్తు వచ్చేదాకా. నీడన ఉంచి తడి ఆరకుండా చూస్తే నెలరోజుల్లో నల్లబడుతుంది. అప్పుడది పొలంలో వేసుకునే ఎరువు. కొల్లేరులో కావలసినంత గుర్రపుడెక్క ఉంది, దాన్ని విడిగా కుళ్లబెట్టి ఈ పొట్టుతో కలుపుకుంటే పొట్టులో లేని బలం వస్తుంది. గట్టు మీద ఇల్లు తప్ప గజం నేల లేని లంకల జనం పాత బస్తాల్లో ఈ మిశ్రమం నింపి బచ్చలి, బెండ పెట్టుకోవచ్చు.

ఉప్పు పోయిందో లేదో తెలియడానికి మరలక్కర్లేదు. రెండు మూడుసార్లు నానబెట్టి పిండాక ఆ నీళ్ల రంగు తేలిపోవాలి. తర్వాత గుప్పెడు పొట్టులో పది పెసలు వేసి చూడండి. తొమ్మిదయినా మొలిచి, ఆకు మాడకుండా నిలబడితే సరే. పెద్ద ఎత్తున చేసేవాళ్లు మాత్రం వెంకట్రామన్నగూడెం వెళ్లి పరీక్ష చేయించమని అడగాలి. అక్కడ ఉద్యాన విశ్వవిద్యాలయం 2007లో వచ్చింది, కృషి విజ్ఞాన కేంద్రమూ ఉంది. పెదవేగి మండలం వేగివాడలో కొబ్బరి బోర్డు క్షేత్రం ఉంది. అక్కడ గేటు దగ్గర మోతుబరి కారుకి దొరికే మర్యాద కూలి మనిషికి దొరకదనే సందేహం ఉంటే, పదిమంది కలిసి వెళ్లండి.

ఇప్పటికే నర్సరీల్లో పనిచేస్తున్న అక్కచెల్లెళ్లకి ఒక మాట. రోజు కూలీ కాకుండా ట్రే లెక్కన కట్టేచోట, పొట్టు తడిపి ఇటుక విడగొట్టే పని, ట్రేలు కడిగే పని లెక్కలో చేరుతున్నాయో లేదో చూసుకోండి. దుమ్ముకి మూతిగుడ్డ, పొట్టు పిసికే చేతులకి తొడుగులు యజమానే ఇవ్వాలి. ఖరీఫు మిరప నారుకి రైతులు తొలకరితోనే ఎగబడతారు. ట్రే రేటు తేల్చుకోవలసింది ఆ హడావిడిలో కాదు, కళ్లాల్లో పొట్టు ఇంకా ఎండుతున్న మే నెలలోనే.