మిస్సింగ్ ఏ సిలిండర్‌ది?

వానలో పామాయిల్ తోట నుంచి బయల్దేరిన కారు అశ్వారావుపేట సెంటర్‌లో ఆగేసరికి వణకడం మొదలెడుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే ఓసారి అందుకుంటుంది, ఓసారి నీరసపడుతుంది. షెడ్డులో దీన్ని మిస్సింగ్ అంటారు. "ప్లగ్గులు మార్చేద్దాం సార్" అనే సలహా కూడా వెంటనే వస్తుంది. జేబులో చెయ్యి పెట్టేముందు, మిస్సవుతున్నది ఏ సిలిండరో తేల్చమనండి.

నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజన్ ఐడిలింగ్‌లో నిమిషానికి 800 చుట్లు తిరుగుతోందంటే ఒక్కో సిలిండర్‌లో 400 సార్లు పెట్రోలు మండాలి. అందుకు తగినంత గాలి, పెట్రోలు, సమయానికి నిప్పురవ్వ, గట్టి కంప్రెషన్ కావాలి. వీటిలో ఏది తగ్గినా ఆ సిలిండర్ పని ఎగ్గొడుతుంది. దాని వంతు వచ్చినప్పుడల్లా క్రాంక్ షాఫ్ట్ వేగం రవ్వంత పడిపోతుంది. ఇంజన్ కంప్యూటర్ పసిగట్టేది దాన్నే.

స్కానర్ పెడితే పి0301 వచ్చిందనుకోండి, మొదటి సిలిండర్ అన్నమాట. పి0303 అయితే మూడోది. పి0300 మాత్రం ఫలానా సిలిండర్ అని చెప్పదు. అప్పుడు అన్నిటికీ ఉమ్మడిగా ఉండేవాటిని, అంటే ఫ్యూయల్ ప్రెషర్‌నో, గాలి లీకునో, నీళ్లు కలిసిన పెట్రోలునో ముందు అనుమానించాలి.

ప్లగ్గుకో కాయిల్ ఉన్న బండైతే ఖర్చులేని పరీక్ష ఒకటుంది. ఇంజన్ చల్లారాక ఒకటో సిలిండర్ కాయిల్‌ని మూడోదానికి, మూడోదాన్ని ఒకటికి మార్చి, కోడ్ చెరిపేసి కాసేపు నడపాలి. ఈసారి పి0303 వస్తే జబ్బు కాయిల్‌దే. మళ్లీ పి0301 వస్తే కాయిల్ మంచిదే. ప్లగ్గునీ అలాగే మార్చి చూడాలి. అప్పటికీ కదలకపోతేనే ఇంజెక్టర్, కంప్రెషన్. పావుగంట పని. దానికి బద్ధకించే నాలుగు ప్లగ్గులూ కొనిపిస్తారు!

ఇక్కడ వైర్లు కూడా చూడాలి. గెలల రుచి మరిగిన తోట ఎలుకలు బానెట్ కింద దూరితే వైరింగ్‌ని వదలవు. వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్‌తో కొట్టిన నీళ్లు ప్లగ్గు గుంటలో నిలిచినా మిస్సింగ్ వస్తుంది. తుడిచి ఆరబెడితే చాలాసార్లు పోతుంది.

ఇంజన్ లైటు నిలకడగా వెలుగుతుంటే మెల్లగా షెడ్డు దాకా పోవచ్చు. మిణుకుమిణుకుమంటుంటే మాత్రం పక్కకు తీసి ఆపేయండి. మండని పెట్రోలు సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. కన్వర్టర్ పోతే అయ్యే ఖర్చు ముందు కాయిల్ ఖర్చు ఏపాటి?

2024 జులైలో పెద్దవాగు కట్ట తెగినప్పటిలాంటి వరదలో బండి మునిగితే అది మిస్సింగ్ లెక్కలోకి రాదు. తాళం తిప్పొద్దు. సిలిండర్లలోకి చేరిన నీళ్లు నొక్కుకుపోవు కాబట్టి కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. బ్యాటరీ వైరు తీసి, బండిని తోయించుకునే షెడ్డుకు చేర్చాలి.