ఖాళీ గడి ఎవరిది? ఆటోనగర్‌లో కాంట్రాక్టు డేటా ఉద్యోగం

విజయవాడ ఆటోనగర్ అనగానే లారీ బాడీలు, టింకరింగ్ షెడ్లు, వెల్డింగ్ రవ్వలు గుర్తొస్తాయి. 1960ల నుంచి ఇక్కడ పని నేర్చినవాళ్లలో చాలామంది మేస్త్రీ మాట మీదే బతికారు, చేతిలో కాగితం లేకుండా. అలాంటి ఇళ్లలో డిగ్రీ చదివిన పిల్లలు కొందరు ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుంటున్నారు. హోదా డేటా క్వాలిటీ అనలిస్ట్. దానికి ముందు ‘కాంట్రాక్టు’ అనే మాట ఉంటుంది.

పని ఏమిటి? రికార్డుల్లో ఖాళీ గడులు, రెండుసార్లు ఎక్కిన పేర్లు, తప్పు పిన్‌కోడ్‌లు పట్టుకుని సరిచేయడం. ఒకే తెలుగు పేరుకు ఇంగ్లిష్‌లో నాలుగు స్పెల్లింగులుంటాయి. ఇంటిపేరు ముందుందో వెనకుందో తేల్చాలి. మన పేర్లు, ఊళ్లు తెలిసినవాళ్లే చేయగల పని ఇది.

పని చూపేది కంపెనీ, జీతమిచ్చేది ఏజెన్సీ. తప్పుల శాతం పెరిగితే కంపెనీ నిలదీస్తుంది. పీఎఫ్ గురించి అడిగితే ఏజెన్సీని అడగమంటుంది.

ఇక్కడ కులం ఎక్కడుంది? రాజ్యాంగం 16(4) అధికరణ కింద రిజర్వేషన్ ప్రభుత్వ ఉద్యోగాలకే. ప్రభుత్వ ఔట్‌సోర్సింగ్ కోసం 2020లో మొదలైన ఆప్కాస్‌లో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు 50 శాతం వాటా ప్రకటించారు. ప్రైవేటు ఏజెన్సీకి ఆ బాధ్యత లేదు. ఎందరు దళితులను తీసుకున్నారో, కాంట్రాక్టు ముగిసినప్పుడు ముందుగా ఎవరిని పంపేశారో రాసిపెట్టాల్సిన రిజిస్టరూ లేదు. కులం అడగం కాబట్టి వివక్ష లేదంటారు. కానీ ఇంటిపేరు అడుగుతారు, ఊరు అడుగుతారు, ఊళ్లో ఏ పేటో కూడా అడుగుతారు. ఇతరుల డేటాలో ఖాళీ గడి వదిలితే ఉద్యోగి తప్పు. కులం లెక్కలో ఖాళీ గడి మాత్రం ఎవరి తప్పూ కాదు!

చట్టం ఏం చెబుతోంది? 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం నియామక పత్రం ఉద్యోగి హక్కు. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు యజమాని చెల్లించాలి. అయితే కాంట్రాక్టు కార్మికుల రక్షణకు 1970 చట్టంలో 20 మంది ఉంటే చాలు. కొత్త కోడ్‌లో 50 మంది ఉండాలి. చిన్న ఏజెన్సీలు తప్పించుకునే దారి ఇదే.

అందుకే చేరిన రోజే నియామక పత్రం, జీతం చీటీ, యూఏఎన్ నంబరు అడగండి. జీతం 21,000 రూపాయల లోపైతే ఈఎస్ఐ గురించీ అడగండి. అసలు యజమాని ఎవరో రాసి ఉంచుకోండి. సంఘాలుగా మనం అడగాల్సింది ఇంకొకటుంది: ప్రైవేటు నియామకాల్లో కులాల వారీ లెక్క బయటపెట్టాలి. లెక్క లేకుండా వాటా అడిగితే, అన్యాయానికి రుజువేదని మననే ఎదురు ప్రశ్నిస్తారు.