చదువు ఆపకుండానే.. మత్తు మానొచ్చు!

నెలల తరబడి సెంటర్లో ఉండక్కర్లేదు. ఇంట్లో ఉంటూ, క్లాసులకు వెళ్తూనే వ్యసనం నుంచి బయటపడే దారి ఒకటుంది. అదే ఇంటెన్సివ్ ఔట్‌పేషెంట్ చికిత్స.

ప్లేస్‌మెంట్ సీజన్. ఒకవైపు ఆప్టిట్యూడ్ క్లాసులు, మరోవైపు గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం ఎదురుచూపులు. ఈ హడావుడిలో కొందరి సమస్య రెజ్యూమెలో కనిపించదు. శనివారం దావత్‌తో మొదలైన బీరు రోజూ కావాల్సి వస్తుంది. హాస్టల్ డాబా మీద సరదాగా లాగిన గంజాయి, ఇప్పుడు లేకపోతే నిద్ర పట్టనివ్వదు. మానేయాలని వాళ్లకూ ఉంటుంది. కానీ 'హైదరాబాద్‌లో ఏదో సెంటర్లో మూడు నెలలు పడేస్తారట' అని ఎవరో చెప్తారు. మూడు నెలలంటే సెమిస్టర్ పోయినట్టే, ఊళ్లో అందరికీ తెలిసిపోయినట్టే. 'సరే తియ్, జాబ్ వచ్చినంక చూద్దాం' అనుకుని ఆగిపోతారు.

ఇలా ఆగిపోయే వాళ్లు ఎంతమందో తెలుసా? ఢిల్లీ ఎయిమ్స్ నిపుణుల జాతీయ సర్వే నివేదికను కేంద్రం 2019లో విడుదల చేసింది. దాని ప్రకారం మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సాయం లేదా చికిత్స అందింది. ఆసుపత్రిలో చేరి చికిత్స తీసుకున్నది 180 మందిలో ఒక్కరే. మిగతా వాళ్లలో చాలామందికి అడ్డు పడేవి మూడు: ఖర్చు, దూరం, పరువు. ఈ మూడింటినీ కొంతైనా తగ్గించే పద్ధతి గురించే ఈ కథనం.

ఇంతకీ ఏంటీ ఐఓపీ?

వ్యసనానికి చికిత్స అనగానే మనకు రెండే గుర్తొస్తాయి. ఒకటి, నెలకోసారి డాక్టర్ను కలిసి పది నిమిషాల్లో మందుల చీటీ తెచ్చుకోవడం. రెండోది, సెంటర్లో చేరి తలుపులు మూసుకోవడం. ఈ రెండింటికీ మధ్య ఉన్నదే ఇంటెన్సివ్ ఔట్‌పేషెంట్ ప్రోగ్రామ్, అంటే ఐఓపీ. రాత్రికి ఇంట్లోనో హాస్టల్లోనో పడుకుంటారు. వారంలో కొన్ని రోజులు, రోజుకు కొన్ని గంటలు కేంద్రానికి వెళ్లి గట్టి చికిత్స తీసుకుంటారు.

'గట్టి' అంటే ఎంత? అమెరికాలో వ్యసన వైద్య నిపుణుల సంఘం పెట్టిన ప్రమాణం ప్రకారం పెద్దవాళ్లకు వారానికి కనీసం 9 గంటలు. మామూలుగా వారంలో మూడు రోజులు, రోజుకు మూడు గంటల చొప్పున ఉంటుంది. 1980లలో లాస్ ఏంజెలెస్‌లో రూపుదిద్దుకున్న 'మ్యాట్రిక్స్' నమూనా 16 వారాలు నడుస్తుంది. ఇలాంటి కార్యక్రమాలపై వచ్చిన అధ్యయనాలను 2014లో పరిశోధకులు సమీక్షించారు. చాలామందిలో ఐఓపీ ఫలితాలు ఆసుపత్రిలో చేరి తీసుకునే చికిత్సకు దాదాపు సమానంగానే ఉన్నాయని తేల్చారు.

వారం ఎలా గడుస్తుంది?

కరీంనగర్‌లో బీటెక్ ఫైనలియర్ చదివే ఓ కుర్రాడిని ఊహించుకుందాం. పొద్దున కాలేజీ. సోమ, బుధ, శుక్రవారాల్లో సాయంత్రం మూడు గంటలు చికిత్స. అందులో ఉండేవి ఇవీ:

• గ్రూప్ సెషన్: ఇదే సమస్య ఉన్న పది మందితో కూర్చుని మాట్లాడటం. 'నేనొక్కణ్నే ఇట్లయిన' అనే భావన ముందు ఇక్కడే పోతుంది.
• విడిగా కౌన్సెలింగ్: ఏ సమయంలో, ఎవరితో ఉన్నప్పుడు, ఏ మూడ్‌లో తాగాలనిపిస్తుందో కౌన్సెలర్‌తో కలిసి రాసుకోవడం. ఒక్కోదానికి ముందే జవాబు సిద్ధం చేసుకోవడం.
• మందులు: మద్యం విషయంలో నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటివి కోరికను అదుపులో పెట్టడానికి వాడతారు. ఇవి డాక్టర్ రాస్తేనే, ఆయన పర్యవేక్షణలోనే వాడాలి. గంజాయికి ప్రత్యేకంగా ఆమోదించిన మందు లేదు. అక్కడ కౌన్సెలింగే అసలు మందు.
• కుటుంబంతో సెషన్: బాపు తిట్టడం, అమ్మ ఏడవడం రెండూ ఆగి, ఇంట్లో వాళ్లు ఏం చేస్తే సాయమవుతుందో నేర్చుకోవడం.
• మూత్ర పరీక్షలు: ఇవి పట్టుకోవడానికి కాదు. చికిత్స పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికి.

లైవ్‌లోనే టెస్టింగ్

కోడింగ్ చేసేవాళ్లకు ఓ సంగతి తెలుసు. మన ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచిన ప్రోగ్రామ్ సర్వర్‌లో పెట్టగానే ఎర్రర్ కొడుతుంది. మూసిన గదిలో మానడం కూడా అలాంటిదే. అక్కడ సీసా ఉండదు, దోస్తులు ఉండరు, ఇంటర్వ్యూలో రిజెక్ట్ అయిన బాధా ఉండదు. ఇంటికొచ్చిన తెల్లారి ఇవన్నీ ఒక్కసారిగా ఎదురవుతాయి.

ఐఓపీలో ఆ పరీక్ష రోజూ జరుగుతుంది. మంగళవారం దోస్తు పుట్టినరోజు దావత్‌కు పిలిస్తే, బుధవారం గ్రూప్‌లో దాని గురించి మాట్లాడొచ్చు. తాగాలన్న కోరిక అలలా లేచి, సాధారణంగా అరగంటలోపే దిగిపోతుంది. ఆ అరగంట ఎలా గడపాలన్నదే ఇక్కడ నేర్పే ముఖ్యమైన విద్య. ఫోన్ చేయడం, బయటికి నడవడం, ఏదైనా తినడం, చోటు మార్చడం.. చిన్న పనులే, కానీ పనిచేస్తాయి.

దీనికి రెండో వైపూ ఉంది. ఇంటి దారిలోనే బెల్ట్ షాపు ఉంటే, రూమ్మేటే తాగుతుంటే ఈ పద్ధతి కష్టమవుతుంది. అందుకే మొదటి వారంలోనే రూమ్ మారడం, పాత నంబర్లు తీసేయడం, డబ్బులు కొన్నాళ్లు ఇంట్లో వాళ్ల దగ్గర ఉంచడం లాంటివి చేయిస్తారు. మళ్లీ ఒకసారి జారినా కథ అయిపోయినట్టు కాదు. అమెరికా జాతీయ మాదకద్రవ్య దుర్వినియోగ పరిశోధన సంస్థ లెక్కల్లో 40 నుంచి 60 శాతం మంది మళ్లీ జారతారు. బీపీ, ఆస్తమా రోగుల్లో లక్షణాలు తిరగబెట్టే రేటూ దాదాపు ఇంతే. బీపీ పెరిగితే మందు మారుస్తారు తప్ప 'నువ్వు మారవు' అని వెళ్లగొట్టరు కదా!

2015 నేర్పిన పాఠం

మత్తు దొరక్కుండా చేస్తే సరిపోతుందా? దీనికి జవాబు మన పక్కనే ఉంది. 2015లో తెలంగాణలో కల్తీ కల్లుపై ఎక్సైజ్ దాడులు పెరిగాయి. అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లుకు ఏళ్లుగా అలవాటైనవాళ్లకు అది ఉన్నట్టుండి బంద్ అయింది. నిజామాబాద్, మహబూబ్‌నగర్ లాంటి జిల్లాల్లో ఫిట్స్, వణుకు, వింత ప్రవర్తనతో జనం ఆసుపత్రులకు వరుస కట్టారు. వాళ్లు తాగుతున్నది వట్టి కల్లు కాదు, నిద్రమాత్రల మందు. దాన్ని డాక్టర్ పర్యవేక్షణలో మెల్లమెల్లగా తగ్గించాలి. ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది.

ఇది మీ ఇంట్లోనూ పనికొచ్చే విషయం. రోజూ ఎక్కువగా మద్యమో కల్తీ కల్లో తాగే నాయన, కాక, అన్న ఎవరైనా 'రేపటి నుంచి బంద్' అంటే సంతోషించండి, కానీ ముందు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఫిట్స్, ఇదివరకు ఫిట్స్ వచ్చిన చరిత్ర, లేనివి కనిపించడం, చనిపోవాలన్న ఆలోచనలు ఉంటే ఐఓపీ సరిపోదు. ముందు ఆసుపత్రిలో చేర్చాలి. ఒంట్లోంచి మత్తు దిగాక ఐఓపీ మొదలుపెట్టొచ్చు.

మన దగ్గర ఎలా?

'ఐఓపీ' అని బోర్డు కోసం వెతక్కండి. ఆదిలాబాద్ రిమ్స్ లాంటి మెడికల్ కాలేజీ ఆసుపత్రిలోనో, కరీంనగర్‌లోనో మానసిక వైద్య విభాగం ఓపీతో మొదలుపెట్టండి. అక్కడ సూటిగా అడగండి: 'వారంలో ఎన్నిసార్లు కౌన్సెలింగ్ ఉంటుంది? గ్రూప్ ఉందా? ఇంట్లో వాళ్లతో మాట్లాడతారా? సాయంత్రం టైమ్ ఇస్తారా?' ఈ నాలుగూ కుదిరితే పేరు ఏదైనా పని అదే.

ఉట్నూరు, నార్నూర్ వైపు నుంచి వారానికి మూడుసార్లు బస్సెక్కి రావడం అయ్యే పని కాదు. అలాంటివాళ్లు వారానికో రెండు వారాలకో ఒకసారి నేరుగా, మిగతా రోజులు ఫోన్లో కౌన్సెలింగ్ ఇస్తారేమో అడగొచ్చు. టెలిమానస్ 14416కు ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. వ్యసన విముక్తికి జాతీయ హెల్ప్‌లైన్ 14446.

ప్రైవేటు సెంటర్‌కు వెళ్తే రిజిస్ట్రేషన్ ఉందా, సైకియాట్రిస్ట్ వస్తారా అని అడగండి. మానసిక ఆరోగ్య రక్షణ చట్టం, 2017 ప్రకారం రోగిని గొలుసులతో కట్టేయడం నిషేధం. కొట్టి మాన్పిస్తామనే చోటికి వెళ్లొద్దు.

కేసవుతుందా? జాబ్ పోతుందా?

అందరూ మెల్లగా అడిగే ప్రశ్న ఇదే. చికిత్స తీసుకోవడం నేరం కాదు. అదే 2017 చట్టం మద్యం, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక సమస్యలనూ తన పరిధిలోకి తీసుకుంది. మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు ఇచ్చింది. ఎన్‌డీపీఎస్ చట్టం, 1985లోని సెక్షన్ 64ఏ ఇంకో అడుగు ముందుకేసింది. వినియోగం లేదా చిన్న పరిమాణానికి సంబంధించిన కేసులో ఉన్న వ్యసనపరుడు తనంతట తానే గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు ముందుకొస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే మాత్రం ఆ రక్షణ పోవచ్చు. సర్కారు కొలువుకు పోలీస్ వెరిఫికేషన్‌లో చూసేది కేసులు, అరెస్టులు. కాబట్టి ఉద్యోగానికి ముప్పు ఆసుపత్రి చీటీతో కాదు, చికిత్స వాయిదా వేస్తూ పోవడంతోనే.

ఇదీ ఓ కెరీరే

38 మందిలో ఒక్కరికే సాయం అందుతోందంటే, సాయం చేసేవాళ్ల కొరత ఎంతుందో అర్థం చేసుకోండి. సైకాలజీ, సోషల్ వర్క్, నర్సింగ్ చదివినవాళ్లకు డీఅడిక్షన్ కేంద్రాల్లో, హెల్ప్‌లైన్లలో, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో పని ఉంటుంది. క్లినికల్ సైకాలజిస్ట్ కావాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కోర్సు చేయాలి. గోండి, కొలామి, లంబాడీ మాట్లాడగలిగితే ఆదిలాబాద్‌లో అది అదనపు అర్హతే. మనసులో మాట ఎవరైనా తమ భాషలోనే చెప్పుకుంటారు.

ఈ వారం చేయాల్సింది

మీకే సమస్య అనిపిస్తే: గత నెల రోజుల్లో ఎన్ని రోజులు, ఎంత తీసుకున్నారో కాగితం మీద రాయండి. ఆ కాగితంతో ఓపీకి వెళ్లండి, లేదా 14446కు ఫోన్ చేయండి. దోస్తుకు అయితే: లెక్చర్ ఇవ్వకండి. 'నడువ్, నేను గూడ వస్త' అనండి. ఓపీ లైన్లో పక్కన నిలబడే మనిషి ఉంటే మొదటి అడుగు తేలికవుతుంది.