పెట్టకు ఎన్ని అంగుళాలు?

గుడ్డుకొచ్చిన పెట్ట ఒకచోట నిలవదు. వసారా అంతా తిరుగుతుంది, గాదె వెనక్కి తొంగి చూస్తుంది, అటకెక్కబోతుంది, చివరికి గడ్డివాము మొదట్లో ఎవరికంటా పడని గుంట చూసుకుని సర్దుకుంటుంది. ఇంట్లో నాటుకోళ్లు ఉన్నవాళ్లకి ఇది కొత్త సంగతి కాదు. శాస్త్రవేత్తలు దీన్నే కొలిచి చూశారు. గూటికి వెళ్లే తలుపుకు బరువు కట్టి, పెట్ట ఎంత బరువుదాకా నెట్టుకుని లోపలికి వెళ్తుందో పరీక్షించారు. గుడ్డు పెట్టే వేళకి, ఆకలితో ఉన్నప్పుడు మేత కోసం ఎంత కష్టపడుతుందో గూటి కోసమూ అంత కష్టపడుతుందని తేలింది. ఎన్నో తరాలుగా ఫారాల కోసమే పెంచుకొచ్చిన లేయరు జాతుల్లోనూ ఆ తపన చావలేదు.

ఈ కొలతలు ఎందుకంటే, కోడి తరఫున మనిషి ఊహించి చెబితే పొరబడతాడు కాబట్టి. 1964లో రూత్ హారిసన్ అనే బ్రిటిష్ రచయిత్రి ఫారం జంతువుల బతుకు మీద ‘యానిమల్ మెషీన్స్’ పుస్తకం రాసి పెద్ద దుమారమే లేపింది. అక్కడి ప్రభుత్వం బ్రాంబెల్ అనే జంతుశాస్త్ర ఆచార్యుడి అధ్యక్షతన కమిటీ వేసింది. 1965లో వచ్చిన ఆ కమిటీ నివేదిక, కేజ్ అడుగున వేసే సన్నటి షట్కోణపు వల కోడి కాళ్లకు బాధాకరమనీ, దాన్ని వాడొద్దనీ చెప్పింది. 1973లో హ్యూస్, బ్లాక్ అనే ఇద్దరు పరిశోధకులు రకరకాల అడుగులు వేసి, ఎంచుకునే పని కోళ్లకే వదిలారు. పెద్దలు వద్దన్న వల మీదే పెట్టలు వెళ్లి నిలబడ్డాయి!

ఇక మన కేజ్ సంగతి. 2023-24లో దేశంలో ఉత్పత్తయిన 14,277 కోట్ల గుడ్లలో దాదాపు 18 శాతం ఆంధ్రప్రదేశ్‌వి. తెలంగాణ వాటా 13 శాతానికి కాస్త తక్కువ. తణుకు, అనపర్తి చుట్టుపక్కల షెడ్లలో చూస్తే కేజ్‌ల వరసలే. తీగల అడుగు కొంచెం వాలుగా ఉంటుంది. గుడ్డు దొర్లి ముందుకొస్తుంది, రెట్ట కిందికి రాలుతుంది. ఈ రెట్ట రాలడంలోనే కేజ్ గెలుపంతా ఉంది. కాక్సిడియోసిస్ రోగాన్ని తెచ్చే పరాన్నజీవి రెట్టలోంచి బయటపడి, నేల మీద పొడుచుకు తినే కోడి కడుపులోకి మళ్లీ చేరుతుంది. కోడిని రెట్టకు దూరం చేస్తే ఆ చక్రం తెగిపోతుంది. కేజ్‌ని తిట్టేవాళ్లు ఈ మాట తరచూ మరిచిపోతారు.

కేజ్‌ని మెచ్చుకునేవాళ్లు మరిచేది ఎముకల సంగతి. ఒక్కో గుడ్డు పెంకుకు రెండు గ్రాములకు పైగా కాల్షియం కావాలి. పెంకు ఎక్కువగా రాత్రి తయారవుతుంది. అప్పుడు మేత ఉండదు, కాబట్టి కోడి ఎముకల్లోంచి తీసి వాడుకుంటుంది. నడక లేని కోడికి ఎముకలు ఇంకా గుల్లబారతాయి. పోనీ విడిచిపెడితే? కేజ్‌లు లేని అంతస్తుల షెడ్లలో ఎగిరే కోళ్ల ఎముకలు గట్టిపడతాయి గానీ, కమ్మీల మీద నుంచి జారిపడి రొమ్ము ఎముక విరగ్గొట్టుకునేవి ఎక్కువ. అమెరికాలో ఒకే ఫారంలో మూడు రకాల షెడ్లను పోల్చి 2015లో ఫలితాలు ప్రకటించారు. మామూలు కేజ్‌ల కన్నా అంతస్తుల షెడ్డులో చావులు రెట్టింపు దాటాయి, గుడ్డు ఖర్చు 36 శాతం పెరిగింది. గూడు, కమ్మీ అమర్చిన పెద్ద కేజ్‌లలో పెరిగిన ఖర్చు 13 శాతమే.

జంతు హింసను అడ్డుకునే మన చట్టం 1960 నాటిది. కదలడానికి తగినంత చోటు లేని పంజరంలో జంతువును ఉంచడం 11వ సెక్షన్ కింద నేరం. మొదటిసారి తప్పుకు జరిమానా పది నుంచి యాభై రూపాయలు. ఇవాళ ఒక ట్రే గుడ్లు కూడా రావు ఆ డబ్బుకి. ‘తగినంత’ అంటే ఎంతో చట్టం చెప్పలేదు. 2017లో లా కమిషన్ 269వ నివేదికను కోళ్ల వసతి, రవాణాల మీదే ఇచ్చింది. 2019లో కేంద్రం ప్రకటించిన ముసాయిదా నిబంధనల్లో ఒక అంకె కనిపించింది: కోడికి 550 చదరపు సెంటీమీటర్లు. అంటే 85 చదరపు అంగుళాలు, ఏ4 కాగితం కన్నా చిన్నది.

ఆ అంకెను షెడ్డులోకి తీసుకెళ్దాం. 15 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల లోతు ఉన్న కేజ్‌లో నాలుగు కోళ్లుంటే ఒక్కోదానికి 435 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. మూడుంటే 580. అంటే నాలుగోదాన్ని తీసేయాల్సిందే. పదివేల కోళ్ల షెడ్డు ఏడున్నర వేలకు దిగుతుంది. దాణా, మందులు, కోడిపిల్లల ఖరీదు కోళ్లతోపాటే తగ్గుతాయి. షెడ్డు, కేజ్‌లు, బ్యాంకు వాయిదా తగ్గవు. లెక్క కోసం, రూపాయి ఖర్చులో ఈ తగ్గని భాగం 20 పైసలనుకుందాం. నాలుగు కోళ్లు మోసిన బరువు మూడింటి మీద పడితే అది 27 పైసలకు చేరుతుంది. గుడ్డు ఖర్చు ఏడు శాతంలోపే పెరిగిందన్నమాట. కొనేవాడికి పెద్ద భారం కాదు. కానీ రైతుకు గుడ్డు మీద మిగిలేదే పైసల్లో. పైగా రేటు అతని చేతిలో లేదు. 1982లో బి.వి. రావు చొరవతో పుట్టిన గుడ్ల సమన్వయ కమిటీ (ఎన్‌ఈసీసీ) రోజూ ప్రకటించే పేపరు రేటే అతనికి ఆధారం.

ఇక్కడే అసలు చిక్కు. రైతులందరూ ఒకే రోజున కోళ్లు తగ్గిస్తే మార్కెట్లో గుడ్లు తగ్గి రేటు పెరుగుతుంది, ఖర్చు దానంతట అదే గిట్టుతుంది. ఒక్కడే తగ్గిస్తే పక్క షెడ్డువాడి రేటుకే అమ్ముకోవాలి, నష్టమంతా అతనిదే. అంటే చట్టానికి ముందు లొంగినవాడే ముందు మునుగుతాడు.

యూరప్‌లో జరిగిందదే. మామూలు కేజ్‌లు 2012 జనవరి 1 నుంచి చెల్లవని 1999లోనే చెప్పారు. కేజ్ వాడితే గూడు, కమ్మీ అమర్చి కోడికి 750 చదరపు సెంటీమీటర్లు ఇవ్వాలన్నారు. పన్నెండేళ్ల గడువు! అయినా ఆ రోజుకి 13 దేశాల్లో పాత కేజ్‌లు నడుస్తూనే ఉన్నాయి. ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్ కూడా వాటిలో ఉన్నాయి. అప్పులు చేసి షెడ్లు మార్చుకున్న బ్రిటన్ రైతులు, మా గుడ్ల పక్కనే పాత కేజ్ గుడ్లు ఎలా అమ్ముతారని గోలపెట్టారు. ఈస్టర్ ముందు గుడ్ల ధరలు ఎగబాకాయి. లాభపడింది ఎక్కువగా మార్చుకోనివాళ్లే అనుకోవాలి, ఖర్చు పెట్టకుండానే పెరిగిన రేటు దక్కింది కదా.

గోదావరి జిల్లాల రైతులు 2025 ఫిబ్రవరిలో బర్డ్ ఫ్లూ దెబ్బ తిన్నారు. అలాంటివాళ్ల ముందు చదరపు సెంటీమీటర్ల మాటెత్తితే కోపం రావడం సహజం. నా మట్టుకు నేను కోడికి ఆ 85 చదరపు అంగుళాలు ఇవ్వాలనే అంటాను. అయితే అమలు తేదీ రాష్ట్రాలన్నిటికీ ఒకటే కావాలి, కేజ్‌లు లెక్కపెట్టే తనిఖీదారు ప్రతి షెడ్డుకూ వెళ్లాలి, పాత కేజ్‌ల అప్పు తీరేదాకా గడువుండాలి. కొత్త షెడ్డు వేయబోతున్న రైతులకు మాత్రం ఒక మాట. కేజ్‌లకు అడ్వాన్సు ఇచ్చే ముందు, నాలుగు కోళ్లకు బదులు మూడే ఉంటే బ్యాంకు వాయిదా కట్టగలమా అని ఒకసారి లెక్క వేసి చూసుకోండి.