టీ షాపులవాళ్లు కట్టిన కంప్యూటరు

కంప్యూటరు ఎక్కడ పుట్టిందంటే ఏం చెబుతాం? ఏ విశ్వవిద్యాలయంలోనో, యుద్ధం కోసం పెట్టిన ఏ ప్రయోగశాలలోనో అంటాం. నిజమే. కానీ జీతాలు, సరుకుల లెక్కలు చూసే ఆఫీసు పనికి మొట్టమొదట కంప్యూటరును కూర్చోబెట్టింది ఎవరో తెలుసా? టీ, కేకులు అమ్ముకునే ఓ కంపెనీ!

ఆ కంపెనీ పేరు జె. లయన్స్. 1894లో లండన్‌లోని పికడిల్లీలో తొలి టీ షాపు తెరిచింది. పోనుపోను అవి రెండు వందలు దాటాయి. నల్ల గౌను, తెల్ల ఏప్రన్‌తో చకచకా తిరుగుతూ టీ అందించే అక్కడి అమ్మాయిలను ‘నిప్పీ’లనేవారు. హామర్‌స్మిత్‌లోని క్యాడ్బీ హాల్‌లో కంపెనీ బేకరీలు, ఆఫీసులు ఉండేవి.

కప్పు టీ మీద మిగిలేది చిల్లరే. ఆ చిల్లర లెక్కలు రాయడానికి మాత్రం గుమాస్తాల దండు కావాలి! లెక్కల ఖర్చే లాభాన్ని తినేస్తుంటే ఎలా? 1947లో ఇద్దరు అధికారులను కంపెనీ అమెరికా పంపింది. కొత్తగా వచ్చిన ఎలక్ట్రానిక్ యంత్రాలు ఆఫీసుకు పనికొస్తాయేమో చూసి రమ్మంది. తీరా అక్కడికి వెళితే, మీ కేంబ్రిడ్జిలోనే మారిస్ విల్క్స్ అలాంటిది తయారుచేస్తున్నారని చెప్పారట! చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

లయన్స్ కేంబ్రిడ్జికి మూడు వేల పౌండ్లు ఇచ్చింది, ఓ పనివాణ్ణి కూడా పంపింది. 1949లో అక్కడి యంత్రం పనిచేసింది. ఆ నమూనా మీదే జాన్ పింకర్టన్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో క్యాడ్బీ హాల్‌లో ‘లియో’ తయారైంది. లయన్స్ ఎలక్ట్రానిక్ ఆఫీస్ అన్న మాటల పొడి అక్షరాలే ఆ పేరు. పెద్ద గది నిండా బీరువాల వరసలు, దాదాపు ఆరు వేల వాల్వులు! జ్ఞాపకశక్తికేమో పాదరసం నింపిన గొట్టాలు. అంతా కలిపినా ఇప్పటి సెల్‌ఫోనులోని ఒక్క ఫొటో పట్టదు.

లెక్క తెలిసినవాళ్లే గురువులు

1951లో లియో చేసిన తొలి పని బేకరీ సరుకుల విలువ కట్టడం. తర్వాత జీతాల లెక్క. గుమాస్తాకు ఒక్కో మనిషి జీతం కట్టడానికి ఎనిమిది నిమిషాలు పడితే, లియోకు సెకనున్నర!

1954 నుంచి టీ షాపుల ఆర్డర్లూ లియోకే అప్పగించారు. ఏ వారం రోజున ఏ షాపుకు ఎన్ని బన్నులు, ఎన్ని కేకులు కావాలో ముందే ఓ పట్టీ ఉండేది. షాపు నడిపే ఆవిడ రోజూ ఫోన్ చేసి మార్పులు మాత్రం చెబితే చాలు. అవతల వింటున్న అమ్మాయి అప్పటికప్పుడే వాటిని కార్డుల మీద కన్నాలుగా పొడిచేది. రేపు ఎన్ని బన్నులు పోతాయో యంత్రానికేం తెలుసు? రోజూ గల్లాపెట్టె దగ్గర నిలబడే ఆవిడకు తెలుసు. ఆవిడ చెప్పిందే లియోకు చదువు. ఈ మాట మనకెవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. రేపు ఇంటికి ఎన్ని పాలు కావాలో మనకు తప్ప ఎవరికి తెలుసు?

ఆ జట్టులో మేరీ కూంబ్స్ ఒకరు. ఆమె చదివింది ఫ్రెంచి, చరిత్ర. 1952లో లయన్స్‌లో చేరి, కంపెనీ పెట్టిన శిక్షణలో నెగ్గి ప్రోగ్రాములు రాయడం మొదలుపెట్టారు. వ్యాపార కంప్యూటరుకు ప్రోగ్రాములు రాసిన తొలి మహిళగా ఆమెను చెబుతారు. ఆరోగ్యం సరిగాలేని కూతురి కోసం పార్ట్‌టైముకు మారారు. ఆ తర్వాత ఆ రంగమే వదిలి బడిపంతులమ్మ అయ్యారు. 2022లో కన్నుమూశారు.

ఏం మిగిలింది?

మొదటి లియోను 1965 జనవరిలో ఆపేశారు, ఊడదీశారు. కంప్యూటర్ల విభాగం 1963లో వేరే కంపెనీతో కలిసి, 1968 నాటికి ఐసీఎల్‌లో భాగమైంది. బ్రిటిష్ తపాలా శాఖ మాత్రం లియో మూడో తరం యంత్రాలను 1981 దాకా వాడుకుంది. క్యాడ్బీ హాల్‌ను 1983లో కూల్చేశారు. క్వీన్స్‌వేలో వైట్లీస్ అనే పెద్ద దుకాణం భవనంలో లియో కంపెనీ ఆఫీసు ఉండేది. ఇప్పుడు దాని పాత ముఖభాగం ఒక్కటే ఉంచి, వెనకంతా కొత్తగా కట్టేశారు.

యంత్రమూ పోయింది, ఇల్లూ పోయింది. మరి ఇంత కథ మనదాకా ఎలా వచ్చిందంటారా? అప్పుడు పనిచేసిన వాళ్లు ఓ సంఘంగా ఏర్పడి, వయసుమళ్లాక తమ అనుభవాలు చెప్పి రికార్డు చేయించారు. కాగితాలు, ఫొటోలు దాచినవాళ్లు బయటికి తీశారు. కేంబ్రిడ్జిలోని కంప్యూటర్ల చరిత్ర మ్యూజియం ఆ సంఘంతో కలిసి వాటిని భద్రపరిచింది. మేరీ మాటలూ అలాగే దక్కాయి. ఫోన్లో బన్నులు చెప్పిన ఆవిడల పేర్లు మాత్రం చాలామటుకు దక్కలేదు. వాళ్లనెవరూ అడగలేదు మరి!

మన ఊళ్లలోనూ మూతబడ్డ మిల్లులు, ఎత్తేసిన ఆఫీసులు ఎన్ని లేవు? వాటిలో పనిచేసిన అత్తయ్యలు, పిన్నులు మన మధ్యే ఉన్నారు. అటక దులిపి పాత కాగితాలు తూకానికి వేసేముందు ఒక్కసారి వాళ్ల పక్కన కూర్చోండి. ఆ రోజుల్లో మీరేం పని చేసేవారని అడగండి. చెప్పింది రాసిపెట్టుకోండి.